డిసెంబర్ 4: ఘంటసాల జయంతి సభలో గిటారు వాయించవచ్చా?

హార్మోనియం_టీచర్:

అందరికీ నమస్కారమండి. మా కాలనీలో ఏటా డిసెంబర్ 4న ఘంటసాల గారి జయంతి చేసుకుంటాం. కమ్యూనిటీ హాల్లో వంద కుర్చీలు, తబలా, హార్మోనియం, పాడేవాళ్ళు ఓ పదిమంది. పదకొండేళ్ళుగా హార్మోనియం దగ్గర నేనే కూర్చుంటున్నాను. ఇంట్లో పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతాను.

ఈసారి ఒక చిక్కు వచ్చింది. మా అబ్బాయి ఇంటర్ సెకండ్ ఇయర్, గిటారు నేర్చుకుంటున్నాడు. ఆరు నెలలుగా పొద్దున లేస్తే ఒకటే వరస, ఇంగ్లండ్ రాక్ బృందం డీప్ పర్పుల్ వాళ్ళ 'స్మోక్ ఆన్ ద వాటర్' మొదట్లో వచ్చే ముక్క. విని విని ఒకరోజు పప్పుకి పోపు వేస్తూ దానికి స్వరాలు అనేశాను. స గ మ, స గ మ మ, స గ మ గ స. గ అంటే సాధారణ గాంధారం, మ అంటే శుద్ధ మధ్యమం. రెండో సారి వెళ్ళినప్పుడు మాత్రం దానికి కాస్త పైనుండే ప్రతిమధ్యమం అనే స్వరాన్ని అంటుకుని శుద్ధ మధ్యమానికి జారుతుంది. మావాడు గిటారు పక్కన పెట్టి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఈ పాటలో ఉన్న సంగతి ఏ రోజు జరిగిందో తెలుసా? మీ ఘంటసాల పుట్టినరోజునే" అన్నాడు.

నిజమే. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న కేసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుంటే, ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ (నిప్పు వెలుగు చిమ్మే తుపాకి) పేల్చారు. నిప్పు పైకప్పుకి అంటుకుని భవనమంతా కాలిపోయింది. అదే కేసినోలో తమ ఆల్బం రికార్డు చేసుకుందామని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్ళు సరస్సు మీద పరుచుకున్న పొగని చూశారు. పాట అదే.

మావాడు జయంతి సభలో రెండు నిమిషాలు అది వాయిస్తానంటున్నాడు. కమిటీలో పెద్దవాళ్ళు ససేమిరా అన్నారు. "ఆ రోజు ఆయనది, ఆ గోల మనకెందుకమ్మా" అన్నారు. వాళ్ళ మాటా కొట్టిపారేయలేను, వాడి ముఖమూ చూడలేకపోతున్నాను. నాకు మాట్లాడటానికి పది నిమిషాలు ఇచ్చారు. ఆ తేదీన సంగీతంలో ఇంకేం జరిగాయో చెప్పండి. వాడు వాయించడం సబబేనా అన్నది కూడా మనసులో ఉన్న మాట చెప్పండి.

మెంఫిస్‌లో_ఉంటా:

అక్కా, అమెరికాలో నేను ఉండే మెంఫిస్‌కి కూడా డిసెంబర్ 4 పెద్ద రోజే. 1956లో ఇక్కడ సన్ స్టూడియోలో కార్ల్ పెర్కిన్స్ పాటలు రికార్డు చేస్తున్నారు. పియానో మీద జెర్రీ లీ లూయిస్, అప్పటికి బయట పెద్దగా ఎవరికీ తెలియని కుర్రాడు. ఎల్విస్ ప్రెస్లీ ఊరికే పలకరించిపోదామని వచ్చారు. ఆయన అప్పటికే సన్ కంపెనీ వదిలేసి ఏడాది దాటింది, దేశమంతా మోగిపోతున్న పేరు. జానీ క్యాష్ కూడా ఉన్నారు. పియానో చుట్టూ చేరి పాడటం మొదలుపెట్టారు. ఎక్కువగా ఏం పాడారనుకున్నారు? చర్చి పాటలు. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నవి.

అక్కడ ఇంజనీరుగా ఉన్న జాక్ క్లెమెంట్ టేపు తిరగనిచ్చారు. యజమాని శామ్ ఫిలిప్స్ పేపరువాళ్ళకి ఫోన్ చేశారు. మర్నాడు వచ్చిన వార్తతో 'మిలియన్ డాలర్ క్వార్టెట్' అన్న పేరు స్థిరపడింది. ఆ టేపులు మాత్రం జనం చేతికి రికార్డుగా రావడానికి 1981 దాకా పట్టింది. అప్పటికి ఎల్విస్ పోయి నాలుగేళ్ళు.

మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ స్టూడియోకి తీసుకెళ్ళాను. చిన్న గది. నలుగురు నిలబడితే నిండిపోతుందేమో అనిపిస్తుంది. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంతేనా గది?" అన్నారు. ఆ గది గురించి ఇప్పటికీ ఫోన్లో అడుగుతారు. మీ సభలో ఇది తప్పకుండా చెప్పండి.

పాత_క్యాసెట్లు:

తేదీలు కావాలంటే బోలెడున్నాయి. ఫ్రాంక్ జప్పా చనిపోయింది 1993 డిసెంబర్ 4న, ఆ మంటలకి సరిగ్గా 22 ఏళ్ళకి. లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బృందం వాళ్ళు ఇక కలిసి వాయించమని ప్రకటన ఇచ్చింది 1980 డిసెంబర్ 4న, డ్రమ్మర్ జాన్ బోనమ్ పోయాక. ఆ బోనమ్ పోయిన రోజు సెప్టెంబర్ 25. నలభై ఏళ్ళ తర్వాత మన బాలు గారు వెళ్ళిపోయింది కూడా సెప్టెంబర్ 25నే. ఆ సంగతి మొదటిసారి గమనించినప్పుడు నాకు చేతులాడలేదు.

కానీ టీచరు గారూ, ఇవన్నీ వరసగా చదివితే అది పంచాంగం అవుతుంది, ప్రసంగం కాదు. పది నిమిషాల్లో రెండు చెప్పండి, నిండుగా చెప్పండి. ఘంటసాలకీ మాంట్రూకీ లేని చుట్టరికం మాత్రం కలపొద్దు. తేదీ కలిసింది, అంతే.

హార్మోనియం_టీచర్:

చుట్టరికం కలపనండి, మాటిస్తున్నాను. కానీ తేదీ కలిస్తే "అంతే" అనడానికి నాకు మనసొప్పడం లేదు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో బిడ్డ పుట్టినరోజున ఆ ఇంటివాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు? సంగీతం కోసం ఆ బిడ్డ విజయనగరం వెళ్ళి, జోలె పట్టుకుని మధుకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర కూర్చుని నేర్చుకుంటాడని ఎవరు అనుకున్నారు? మెంఫిస్‌లో టేపు తిప్పినాయనకీ, మాంట్రూలో పొగ చూసినవాళ్ళకీ ఆ పూట విలువ అప్పుడే పూర్తిగా తెలిసి ఉండదు. మూడూ ఒకే తేదీన పడ్డాయి కాబట్టే మా పిల్లలకి ఒక్కచోట కూర్చోబెట్టి చెప్పగలను. నాకు తేదీ అందుకు కావాలి.

ఆరు_తీగలు:

అమ్మా, మీ అబ్బాయికి రెండు మాటలు. మొదటిది, దాన్ని ఒక్క తీగ మీద వాయిస్తుంటే మానేయమనండి. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ రెండేసి స్వరాలు కలిపి పట్టారు, పిక్కుతో కాకుండా వేళ్ళతో లాగారు. మీ భాషలో చెప్పాలంటే షడ్జమంతో పాటు మంద్ర (కింది స్థాయి) పంచమం, గాంధారంతో మంద్ర కైశిక నిషాదం, మధ్యమంతో షడ్జమం. మీ హార్మోనియం మీద ఆ జంటలు నొక్కి చూడండి, అదే బరువు వినిపిస్తుంది.

రెండోది, మాంట్రూ కథలో మంటల తర్వాతి సగం ఇంకా బాగుంటుంది. కేసినో పోయింది. పవీలియన్ అనే థియేటర్‌కి మారారు. ఈ పాట వాద్యాల భాగం అక్కడే రాత్రిపూట పట్టారు. చుట్టుపక్కలవాళ్ళు గోల భరించలేక పోలీసుల్ని పిలిచారు. పోలీసులు తలుపు బాదుతుంటే టేకు పూర్తయ్యేదాకా తీయలేదు. చివరికి శీతాకాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ కారిడార్లలో పరుపులు అడ్డం పెట్టుకుని మిగతా ఆల్బం ముగించారు. మంటల్లో ఎవరూ చనిపోలేదు. జాజ్ ఫెస్టివల్ నడిపే క్లాడ్ నోబ్స్ స్వయంగా పిల్లల్ని బయటికి లాగారు, పాటలో ఆయన పేరు కూడా ఉంది. మీ కమిటీ పెద్దలకి ఆ ఒక్క మనిషి గురించి చెప్పండి.

కమిటీలో_ఒకడు:

మీ కాలనీ కాదు గానీ మా ఊళ్ళో నేనూ అలాంటి కమిటీలోనే ఉన్నానమ్మా. పెద్దవాళ్ళ బాధ గిటారు మీద కాదు. ఘంటసాల పోయేనాటికి ఆయనకి 51 ఏళ్ళే. భగవద్గీత రికార్డు బయటికొచ్చేసరికి ఆయన లేరు. మాబోటివాళ్ళకి ఏడాదికి ఆ ఒక్క సాయంత్రం మిగిలింది, అందులోంచి రెండు నిమిషాలు పోయినా గుచ్చుకుంటుంది. కార్యక్రమం మొత్తం ఆయన పాటలతో ముగించాక, మంగళం పాడే ముందు అబ్బాయిని కూర్చోబెట్టండి. వేదిక మీదకి వచ్చేముందు ఆయన ఫొటోకి దణ్ణం పెట్టమనండి. ఎవరూ కాదనరు.

హార్మోనియం_టీచర్:

అందరికీ చాలా థ్యాంక్సండి. నిన్న సాయంత్రం కమిటీ అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళాను, మావాణ్ణీ తీసుకెళ్ళాను. పోలీసులు తలుపు కొట్టిన సంగతి, నోబ్స్ పిల్లల్ని బయటికి లాగిన సంగతి వాడే చెప్పాడు. ఆయన విన్నారు. "వాయించు చూద్దాం" అన్నారు.

వాడు ముందు ఆ ముక్క వాయించాడు, జంట స్వరాలతో. తర్వాత నేను అడగకుండానే 'శివశంకరీ' ఎత్తుకున్నాడు. 1961లో పెండ్యాల గారు దర్బారీ కానడ రాగంలో కట్టిన పాట. అందులోనూ సాధారణ గాంధారమే, కానీ డీప్ పర్పుల్ పాటలో నిటారుగా నిలబడే గాంధారం ఘంటసాల గొంతులో ఊగుతుంది. పదకొండేళ్ళుగా ఆ పాటకి నేను హార్మోనియం వాయిస్తున్నాను. మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది, ఊగదు. గాయకుడు ఆ గాంధారం దగ్గరికొచ్చినప్పుడల్లా నేను చెయ్యి తీసేస్తాను. మావాడు తీగని వేలితో కొద్దిగా పైకి తోసి, వదిలి, మళ్ళీ తోశాడు. గాంధారం కదిలింది. సగం కూడా సరిగా రాలేదు, శ్రుతి కాస్త తప్పింది కూడా. అయినా కదిలింది.

అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని ఉన్నారు. కాసేపటికి, "శివశంకరీకి వెనక గిటారు పట్టు. ఆ ఇంగ్లీషుది మంగళానికి ముందు" అన్నారు.

ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒక్క గాంధారమే సాధన చేస్తున్నాడు. డిసెంబర్ 4కి ఇంకా పంతొమ్మిది రోజులుంది.