తమ్ముడికి పానిక్ ఎటాక్స్. మాత్రలు ఆపేస్తానంటున్నాడు, ఏం చేయాలి?

కూకట్‌పల్లి అక్క

అందరికీ నమస్తే. మా తమ్ముడికి 24 ఏళ్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం. రెండు నెలల కింద అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో మారేటప్పుడు గుండె దడ, చెమటలు, చేతులు తిమ్మిర్లు. "అక్కా, నేను పోతున్నా" అని ఫోన్. గుండెపోటే అనుకుని పరుగెత్తాం. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. తర్వాత ఇంకో నాలుగుసార్లు వచ్చింది. ఇప్పుడు మెట్రో మానేశాడు, లిఫ్ట్ కూడా ఎక్కడు.

సైకియాట్రిస్ట్ పానిక్ డిజార్డర్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ, రెండు వారాలకు మాత్రం క్లోనజెపామ్ 0.25 రాశారు. థెరపీ కూడా చేయించమన్నారు. మాత్రలు మొదలుపెట్టి ఆరు రోజులైంది. వికారం, ఒకచోట కూర్చోలేనంత కంగారు. చిన్న మాత్ర, అంటే క్లోనజెపామ్, వేసుకుంటే మాత్రం గంటలో చల్లబడుతున్నాడు. "పెద్దది ఆపేస్తా, చిన్నది ఉంచుకుంటా" అంటున్నాడు. అమ్మేమో రెండూ వద్దు, మెదడు మొద్దుబారుతుందని ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఘాటు రాలేదట, అందుకని దిష్టే అని తేల్చేసింది. మా బావ కౌన్సెలింగ్ ఒక్కటి చాలంటాడు. ఎవరి మాట వినాలి?

మలక్‌పేట పాత పేషెంట్

అక్కా, ఉంచుకోవాల్సింది ఆపేసి, ఆపాల్సింది ఉంచుకుంటానంటున్నాడు మీ తమ్ముడు. 2019లో నేనూ అచ్చం అదే చేశాను.

పెద్ద మాత్ర పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొంతమందికి ఇంకా ఎక్కువ. మొదటి వారం పది రోజులు మేలు కనబడదు, వికారం, కంగారు మాత్రం కనబడతాయి. ఈ ముక్క నాకు ముందే చెప్పి ఉంటే ఓపిక పట్టేవాణ్ణి. చిన్నది అలా కాదు, గంటలో పనిచేస్తుంది. అందుకే దాని మీద మనసు పోతుంది. వారాల తరబడి రోజూ వేసుకుంటే ఒంటికి అలవాటవుతుంది. మీ అమ్మగారి భయం ఉత్తదేమీ కాదు, కాకపోతే ఆ భయం రెండో మాత్రకే పెట్టుకోవాలి.

నేను వెళ్లింది ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికే. మన ఊళ్లో ఆ పేరు తిట్టు కదా, "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా" అని మేమూ నవ్వుకున్నవాళ్లమే. మొదటిరోజు ఆటో అతనికి ఆస్పత్రి అని చెప్పలేక రైతుబజార్ దగ్గర దిగి నడిచాను. చేతిలో ఖాళీ సంచి కూడా పట్టుకున్నా, తెలిసినవాళ్లు ఎదురైతే కూరగాయలకు వచ్చానని చెప్పడానికి. లోపల చూస్తే ఓపీ లైన్లో నాలాంటివాళ్లే, టిఫిన్ డబ్బాలతో.

మాత్రలతో నెలన్నరకు దడ తగ్గింది. కానీ మెట్రో ఎక్కలేదు. చెప్పొచ్చేదేంటంటే, ఎటాక్ రాకుండా చేసింది మందు. వస్తుందేమోనన్న భయం మాత్రం అలాగే ఉంది. దాని కోసం క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర సీబీటీకి (ఆలోచనలను, అలవాట్లను మార్చే థెరపీ) వెళ్లాను, మొత్తం 14 సెషన్లు. సోఫాలో పడుకోబెట్టి చిన్ననాటి సంగతులు అడుగుతారనుకున్నా. ఆవిడ నన్ను గిర్రున తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి నిమిషం పాటు తిప్పింది! తర్వాత సన్నని స్ట్రాతో ఊపిరి పీల్చమంది, ఇంకోరోజు మెట్లు పరుగెత్తించింది. దడ, తల తిరగడం, ఊపిరాడకపోవడం అన్నీ వచ్చాయి. "ఇప్పుడు చచ్చిపోయారా?" అని అడిగింది. లేదు. పది నిమిషాల్లో వాటంతటవే దిగిపోయాయి. గుండె వేగంగా కొట్టుకుంటే ప్రమాదమని మెదడు నేర్చుకున్న తప్పుడు పాఠం అలా చెరిపేస్తారట.

తర్వాత మెట్రో. మలక్‌పేట నుంచి న్యూ మార్కెట్, ఒక్క స్టేషన్, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు. భయం సగానికి దిగేదాకా అదే తిరగడం. తర్వాత ఎల్బీ నగర్ దాకా. ఆఖర్న పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక క్లోనజెపామ్ మాత్ర ఉండేది. వేసుకునేవాణ్ణి కాదు, ఊరికే ధైర్యానికి. రేకు నలిగి నలిగి వెనక అక్షరాలు కూడా పోయాయి. ఆవిడ అది ఇంట్లో పెట్టి రమ్మంది. అన్నిటికంటే కష్టమైంది అదే. మాత్ర జేబులో ఉన్నన్నాళ్లూ "దీనివల్ల బతికాను" అనే అనిపిస్తుంది.

ఇంకో తప్పు కూడా చేశాను. బాగైపోయానని నాలుగో నెలలో పెద్ద మాత్ర ఒక్కసారిగా ఆపేశాను. తల ఇటు తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. అది అలవాటుపడటం కాదట, మందును మెల్లగా దించకపోవడం వల్ల. మళ్లీ మొదలుపెట్టి, బాగయ్యాక ఏడాది వాడి, కొంచెం కొంచెంగా తగ్గించారు.

చైతన్యపురి మెడికల్ షాప్

చీటీ లేకుండా "అన్నా, ఆ చిన్న మాత్ర రెండు కోసివ్వు" అని రోజూ వస్తారు. ఇవ్వనంటే నా మీదే కోపం. మొదట రాసిచ్చిన డాక్టర్ రెండు వారాలే అని ఉంటారు, వీళ్లు రెండేళ్ల నుంచి వాడుతుంటారు. అన్నాళ్లు వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ దగ్గరకే పంపిస్తుంటాను.

సైకాలజీ టీచర్

పైన రాసినాయన అనుభవం బాగుంది, కానీ అందరికీ ఒకటే కొలత కాదు. పానిక్ డిజార్డర్‌కు కొంతమందికి సీబీటీ ఒక్కటే సరిపోతుంది, కాబట్టి మీ బావగారి మాట పూర్తిగా తీసేయలేం. అదే స్కిజోఫ్రీనియా, బైపోలార్ అయితే మందే పునాది. అక్కడ "మాటలతో నయం చేస్తాం" అనేవాళ్లను నమ్మొద్దు. థెరపిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, మొహమాటపడొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. 25 ఏళ్లలోపు వాళ్లలో ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చు. మీవాడికి 24. ఆ కంగారు సంగతి రేపటిదాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పండి, అలాంటి ఆలోచనలు వస్తున్నాయా అని వాణ్ణి కూడా సూటిగా అడగండి. అర్ధరాత్రి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

కూకట్‌పల్లి అక్క

చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. సూటిగా అడిగాను, అలాంటి ఆలోచనలేం లేవన్నాడు. డాక్టర్‌కు ఫోన్ చేస్తే పెద్దది 5 ఎంజీకి తగ్గించి, వారం తర్వాత మళ్లీ పెంచుదామన్నారు. చిన్నది రెండు వారాలకు మించదన్నారు, ఆ షీటు అమ్మ చేతికిచ్చాం. దేవుడి గూట్లో పెట్టి లెక్కపెట్టి ఇస్తోంది. శనివారం మొదటి సెషన్. మలక్‌పేట అన్న రాసింది చదివి వినిపిస్తే అమ్మ అంతా విని, "మరి మనింట్లో తిరిగే కుర్చీ లేదు కదే" అంది.