జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపం అన్నేళ్లు ఎందుకు బయటపడలేదు?

ప్రశ్న: 2014లో షెవ్రొలే కోబాల్ట్, శాటర్న్ అయాన్ వంటి కార్లను జనరల్ మోటార్స్ వెనక్కి పిలిపించినప్పుడు, స్విచ్ లోపం సంస్థలో కొందరికి దాదాపు పదేళ్ల ముందే తెలుసని వెల్లడైంది. తెలిసినవారు ఉండగా ఇంత ఆలస్యం ఎలా జరిగింది?

సమాధానం 1: కారు నడుస్తుండగా స్విచ్‌లో తాళంచెవి దానంతటదే తిరిగిపోయి ఇంజను ఆగిపోవడాన్ని ఇంజినీర్లు భద్రతా లోపంగా కాక, వాడకందారుల అసౌకర్యంగా పరిగణించారు. అలా ఆగినప్పుడు ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయవన్న సంగతి వారికి తట్టలేదు. ఎయిర్‌బ్యాగులు ఎందుకు తెరుచుకోలేదని వెతుకుతున్నవారికి స్విచ్ సంగతి చాలాకాలం చేరలేదు.

సమాధానం 2: పై వివరణ సరైనదే గాని, నా దృష్టిలో అంతకన్నా ఘోరం మరొకటి ఉంది. 2006లో స్విచ్‌ను మార్చినా విడిభాగం సంఖ్యను మార్చలేదు. దాంతో పాత, కొత్త స్విచ్‌లు ఒకటేనని అనిపించి, పాత కార్లలోనే ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయో దర్యాప్తు చేసినవారికి ఏళ్ల తరబడి అంతుపట్టలేదు.

సమాధానం 3: సమావేశంలో అందరూ తలలూపి, బయటికొచ్చాక ఎవరూ పని చేపట్టని అలవాటును వలూకస్ నివేదిక (సంస్థ నియమించిన న్యాయవాది జరిపిన దర్యాప్తు నివేదిక) ఎత్తిచూపింది (మన కార్యాలయాలకూ అది కొత్త కాదు). బాధితుల కోసం సంస్థ ఏర్పాటు చేసిన పరిహార నిధి 124 మరణాలను ఈ లోపంతో ముడిపెట్టింది. సంస్థ 15 మందిని తొలగించింది. అయినా 2006 నాటి స్విచ్ మార్పుపై సంతకం చేసిన ఒక్క ఇంజినీరునే దోషిగా చూడటం నాకు సబబుగా తోచదు.