నోరోవైరస్‌కు రక్తవర్గపు చక్కెరలు గడపా, తలుపా?

మైక్రోపిపెట్:
వాంతులు, విరేచనాలు తెచ్చే మనిషి నోరోవైరస్‌కు రిసెప్టర్, అంటే కణంలోకి పోవడానికి అది పట్టుకునే అణువు, ఇంకా దొరకలేదంటే నేను ఒప్పుకోను. హెచ్‌బీజీఏలు, అంటే పేగు కణాల మీదా లాలాజలంలోనూ ఉండే రక్తవర్గపు చక్కెర గొలుసులే దాని రిసెప్టర్. ఎఫ్‌యూటీ2 జన్యువు పనిచేస్తే ఆ గొలుసుకు ఫ్యూకోజ్ చేరుతుంది. జీఐఐ.4 అనే నోరోవైరస్ రకంలో, వైరస్ గుల్లను కట్టే వీపీ1 ప్రోటీన్ కొసనున్న గుంట పట్టుకునేది దాన్నే. 2003లో ఫలితాలు వెలువడిన పరీక్షలో వలంటీర్లకు నార్వాక్ రకం తాగిస్తే, ఆ జన్యువు పనిచేయనివారిలో ఒక్కరికీ సోకలేదు. ఇంకేం రుజువు కావాలండీ?

కణదర్శి:
అంటుకోవడం వేరు, లోపలికి పోవడం వేరు. ల్యాబ్‌లో పెంచే కాకో-2 అనే పేగు కణాల మీద ఆ చక్కెరలున్నాయి, ఖాళీ వైరస్ గుల్లలు వాటికి అంటుకుంటాయి, అయినా మామూలు కల్చర్‌లో వైరస్ పెరగదు. కణం లోపలి పరిస్థితే సరిపడలేదా అంటే, అదీ కాదు: 2007లో వైరస్ ఆర్‌ఎన్‌ఏను హు-7 అనే కాలేయ కణాల్లోకి నేరుగా పంపితే కొత్త రేణువులు తయారయ్యాయి. కాబట్టి చిక్కు ప్రవేశం దగ్గరో, గుల్ల విప్పుకునే దగ్గరో ఉంది.
ఎలుక నోరోవైరస్‌కు రిసెప్టర్‌గా 2016లో దొరికిన సీడీ300ఎల్ఎఫ్ అనే ప్రోటీన్‌ను చూడండి. ఆ ఎలుక ప్రోటీన్‌ను మనిషి హీలా కణాల్లో పెడితే వైరస్ సోకుతుంది. రిసెప్టర్ అంటే అదీ. పైగా జీఐఐ.2 రకమైన స్నో మౌంటెన్ వైరస్ ఎఫ్‌యూటీ2 పనిచేయనివారికీ సోకింది.

మైక్రోపిపెట్:
లేనిచోట పెడితే తెరుచుకోవాలన్నది మీ షరతే కదా. 2020లో ఎఫ్‌యూటీ2 పనిచేయని పేగు ఎంటరాయిడ్లలో, అంటే మూలకణాల నుంచి ల్యాబ్‌లో పెంచిన చిన్న పేగు నమూనాల్లో, ఆ జన్యువును పెడితే జీఐఐ.4 పెరిగింది. ఉన్నవాటిలోంచి తీసేస్తే ఆగిపోయింది.

కణదర్శి:
అది చక్కెర అవసరమని చెప్పింది, చాలునని కాదు. ఎంటరాయిడ్లలో మిగతా సరంజామా ముందే ఉంది. కాకో-2లో లేనిది ఏమిటన్నదే నా ప్రశ్న.

పేగుపొర:
ఇద్దరూ కొలత దగ్గర జాగ్రత్తపడాలి. ఎంటరాయిడ్ కణాలను పరుపులా పరిచి, 4-5 రోజులు పరిపక్వం కానిచ్చి, 500 మైక్రోమోలార్ జీసీడీసీఏ అనే పిత్తామ్లంతో కలిపి వైరస్ పోసి, 37 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు ఉంచి కడుగుతాం. చక్కెరకు అంటుకుని కడిగినా పోని రేణువులు వైరస్ ఆర్‌ఎన్‌ఏను లెక్కించే ఆర్‌టీ-క్యూపీసీఆర్‌లో లోపలికి పోయినవాటిలాగే కనబడతాయి. అందుకే కడగగానే ఒక ప్లేట్ తీసి పక్కన పెట్టండి, ఇంకోటి 24 గంటలకు తీయండి. ఆ రెండింటి తేడానే పెరుగుదల. అంటుకోవడం ఒక్కటే చూడాలంటే 4 డిగ్రీల దగ్గర చేయాలి, ఆ చలికి కణపొర రేణువును లోపలికి లాక్కోలేదు.
పిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్‌లోనూ అంటుకోవడం, లోపలికి పోవడం అనే ఈ రెండు పనులు వేరే. ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ వైరస్ మీది వీపీ4 ముల్లును కోస్తే, వీపీ8 ముక్క చక్కెరను పట్టుకుంటుంది, వీపీ5 ముక్క పొరను చీలుస్తుంది. మీడియంలో సీరం మిగిలితే ట్రిప్సిన్ పనిచేయదు, కోత పడదు.

మైక్రోపిపెట్:
సరే, అవసరం అన్నంతవరకే నా మాట. మరి లోపలికి దారిచ్చే ఆ రెండోదాన్ని ఎలుక వైరస్‌కు వాడిన పద్ధతిలోనే వెతకొచ్చు కదా?

పేగుపొర:
కుదరడం లేదు. అక్కడ జన్యువులు ఒక్కొక్కటీ తీసేసిన కణాలకు వైరస్ సోకించి, చావకుండా మిగిలినవాటిని పెంచి, వాటిలో ఏ జన్యువు లేదో చదివారు. ఎంటరాయిడ్‌లో వైరస్ సోకేది పరిపక్వ కణాలకు. అవి ఇక విభజన చెందవు, మిగిలినా పెంచలేం.