అప్‌డేట్: హైడ్రాలిక్ క్లచ్ దారికొచ్చింది

150సీసీ బండికి హైడ్రాలిక్ క్లచ్ కిట్ (కేబుల్ బదులు ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది) బిగించాక లివర్ మెత్తగా ఉంది, ఎంత బ్లీడ్ చేసినా (పైపులో గాలి తీసినా) క్లచ్ పూర్తిగా విడవట్లేదు అని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. సిరంజి చిట్కా చాలావరకు పనిచేసింది, కింద ఇంజిన్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ నిపుల్ నుంచి డాట్ 4 ఫ్లూయిడ్ (బ్రేక్ ఆయిల్) సిరంజితో మెల్లగా పైకి ఎక్కిస్తే, లివర్ దగ్గరుండే రిజర్వాయర్‌లో (ఫ్లూయిడ్ డబ్బాలో) ఆవగింజలంత బుడగలు ఒక్కొక్కటే తేలాయి. మిగిలిన గాలి లివర్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌కి పైపును బిగించే బాంజో బోల్ట్ దగ్గర ఇరుక్కుందని బెంగళూరు జేసీ రోడ్డులో ఒక మెకానిక్ అన్న పట్టుకున్నాడు. నన్ను లివర్ నొక్కి పట్టమని, బోల్ట్ కాస్త వదులు చేసి, ఫ్లూయిడ్ చిమ్మగానే, నేను లివర్ వదలకముందే బిగించేశాడు. రెండుసార్లకే గట్టిపడింది. మీలో కొందరు క్లచ్ ప్లేట్లు మార్చమన్నారు కదా, వాటికేమీ కాలేదు. ట్యాంకు మీద గుడ్డ కప్పడం మర్చిపోయా, ఫ్లూయిడ్ పడ్డచోట పెయింట్ లేచిపోయింది.