వడ్ల బస్తాలు నిండితే గోదాములో వైఫై ఎందుకు పడిపోతోంది?

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. గోదాములో వైఫై కెమెరాలు పెట్టించాం. ఖాళీగా ఉన్నప్పుడు అటు చివరి కెమెరా కూడా శుభ్రంగా కనిపిస్తుంది. వానాకాలం వడ్లు దిగి, బస్తాలు తల పైదాకా పేర్చారో, బొమ్మ ఆగి ఆగి వచ్చి చివరికి మొత్తానికే పోతుంది. లారీలకు ఎత్తి మధ్యలో కాస్త దారి పడగానే మళ్లీ వస్తుంది.

కెమెరాలు బిగించినాయన ఇదంతా పైకప్పు రేకుల వల్లే అంటున్నాడు. ఇనుప రేకు సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, నిజమే. కానీ రౌటర్, కెమెరాలు అన్నీ లోపలే ఉన్నాయి, రేకులు ఏడాది పొడవునా ఉంటాయి కదా!

నా అనుమానం వడ్లలోని తేమ మీద. కొనుగోలు కేంద్రాల్లోనే 17 శాతం దాకా తేమ ఒప్పుకుంటారు. నీళ్లు ఈ వైఫై తరంగాలను పీల్చుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ అన్నం వేడిచేసేది కూడా దాదాపు ఇదే 2.4 గిగాహెర్ట్జ్‌తో. అలాంటప్పుడు ఇన్ని వరుసల బస్తాలు దాటి సిగ్నల్ ఏం పోతుంది?

రౌటర్‌ను బస్తాలకు పైన, రేకుల కింద ఉండే ఖాళీలో బిగిస్తే ఉపయోగం ఉంటుందా? రేకుకు ఎంత దూరం ఉంచాలి? 5 గిగాహెర్ట్జ్‌కు మార్చమని ఒకరన్నారు, అది అడ్డాలను దాటడంలో ఇంకా బలహీనం కదా? కేబుల్ వేద్దామంటే ఎలుకలు బతకనివ్వవు. పైపులో వేసి నడిపిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ పైపు వాడారో చెప్పండి.