స్టాప్‌వాచ్ సున్నాకి బదులు 05:30:00 దగ్గర మొదలవుతోంది

ప్రశ్న

ఆండ్రాయిడ్‌లో కోట్లిన్ భాషలో రాసిన స్టాప్‌వాచ్. గడిచిన మిల్లీసెకన్లను సింపుల్‌డేట్‌ఫార్మాట్‌కి (తేదీని, సమయాన్ని చదివే రూపంలోకి మార్చే ఫార్మాటర్) ఇచ్చి గంటలు, నిమిషాలు, సెకన్లు చూపిస్తున్నాను. స్టార్ట్ నొక్కగానే 05:30:00 పడుతోంది. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్) టైమ్‌జోన్ యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మారిస్తే బాగానే ఉంది. లెక్కలోంచి అయిదున్నర గంటలు తీసేస్తే చాలా? సెకనులో వందో వంతు కూడా కావాలి.

జవాబు 1

తీసెయ్యకండి. దుబాయ్‌లో వాడేవాళ్లకి అప్పుడు 22:30:00 దగ్గర మొదలవుతుంది. ఆ ఫార్మాటర్‌కి వ్యవధి అంటే తెలియదండీ. మీరిచ్చిన సున్నాని 1970 జనవరి 1, యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. ఆ క్షణానికి మన దగ్గర తెల్లవారుజాము అయిదున్నర. ఫార్మాటర్‌కి యూటీసీ పెట్టినా 24 గంటలు దాటగానే మళ్లీ 00కి వచ్చేస్తుంది. మామూలు భాగహారం చాలు, అన్నీ లాంగ్‌లోనే (పూర్ణాంకాల రకం, భాగిస్తే భిన్నం రాలిపోతుంది; % అంటే శేషం):

గంటలు = మొత్తం / 3600000
నిమిషాలు = (మొత్తం / 60000) % 60
సెకన్లు = (మొత్తం / 1000) % 60
వందోవంతు = (మొత్తం / 10) % 100

ఒక్కోదానికీ రెండంకెలు వచ్చేలా ముందు సున్నా చేర్చండి. సెకన్లను దశాంశంగా మార్చి రెండు స్థానాలకి ఫార్మాట్ చేస్తే మాత్రం దెబ్బతింటారు: 59,996 మిల్లీసెకన్లు రౌండ్ అయి 00:60.00 అని పడుతుంది. పైన ఇచ్చిన భాగహారంలో 00:59.99 వస్తుంది, స్టాప్‌వాచ్‌కి అదే సరైనది.

జవాబు 2

ఫార్మాట్ సరే, ఆ మిల్లీసెకన్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? కరెంట్‌టైమ్‌మిల్లిస్ అయితే ఫోన్ గడియారం సర్దుకున్నప్పుడల్లా మీ లెక్క ముందుకో వెనక్కో గెంతుతుంది. ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి లెక్కపెట్టే అప్‌టైమ్‌మిల్లిస్ ఫోన్ గాఢనిద్రలో ఉన్నంతసేపూ ఆగిపోతుంది. నిద్రలో కూడా ఆగని ఎలాప్స్‌డ్‌రియల్‌టైమ్ వాడండి. టైమర్ మోగిన ప్రతిసారీ 10 కలుపుకుంటూ పోయే పద్ధతి అసలు వద్దు, ప్రతి మోతా కాస్త ఆలస్యమవుతుంది, అదంతా పోగుపడుతుంది. పాజ్ నొక్కేదాకా అయినది విడిగా దాచి, దానికి (ఇప్పుడు − మొదలు) కలపండి.

ప్రశ్న వేసినవారు

భాగహారంతో 00:00.00 వచ్చింది, థాంక్సండీ. కానీ ల్యాప్‌లు (ల్యాప్ బటన్ నొక్కినప్పుడల్లా విడిగా పడే సమయాలు) కూడితే మొత్తంతో కలవట్లేదు. 10.99, 10.99 రెండూ కలిపి 21.98 కావాలి, పైన 21.99 ఉంది.

జవాబు 1

ల్యాప్‌లు 10,996, 10,997 మిల్లీసెకన్లు అయ్యుంటాయి. విడివిడిగా కోస్తే 6, 7 రాలిపోతాయి, మొత్తం 21,993లో రాలేది 3 మాత్రమే. ల్యాప్ నొక్కిన ప్రతిసారీ మొత్తాన్నే ముందు వందోవంతులకి కోసి (1099, 2199), వాటి తేడాని ల్యాప్‌గా చూపించండి: 10.99, 11.00. కూడితే 21.99.

జవాబు 3

రెండు చిన్న సంగతులు. ఫార్మాట్ ఫంక్షన్‌కి లొకేల్ రూట్ (ఏ భాషకీ చెందని సెట్టింగ్) ఇవ్వండి, లేకపోతే అరబిక్‌లాంటి భాష పెట్టుకున్న కొన్ని ఫోన్లలో అంకెలు ఆ లిపిలోకి మారతాయి. టెక్స్ట్‌వ్యూలో (తెరమీద అక్షరాలు చూపే భాగం) ఫాంట్‌ఫీచర్‌సెట్టింగ్స్‌కి టీనమ్ (tnum) పెట్టండి, ఫాంట్‌లో ఆ సదుపాయం ఉంటే అంకెలన్నీ ఒకే వెడల్పుకి వస్తాయి. అది లేకపోతే కొన్ని ఫాంట్లలో 1 సన్నగా, 8 వెడల్పుగా ఉండి మధ్యలో పెట్టిన టైమ్ అంతా అటూఇటూ ఊగుతుంది.