కోర్ అడవిలో పులి సఫారీలు ఆపేయాలా, వద్దా?

వేణు_హైదరాబాద్: మహారాష్ట్రలోని తాడోబా పులుల రిజర్వ్‌కి వెళ్లొచ్చాను. పులి కనిపించింది, అయినా కోర్‌లో, అంటే రిజర్వ్ లోపలి ముఖ్య భాగంలో, సఫారీలు ఆపేయాలనే అంటాను. మొహర్లీ గేటు దాటి కొంచెం లోపలికి వెళ్లగానే కొండముచ్చులు అరిచాయి, మా డ్రైవర్ బండి ఆపాడు, కాసేపట్లో రోడ్డు రెండు వైపులా సఫారీ జిప్సీ బండ్లే. పులి వెదురు పొదలోంచి తల బయటపెట్టింది, వెనక్కి తగ్గింది, మళ్లీ చూసింది, దారి దొరక్క అటే వెళ్లిపోయింది. 2024 డిసెంబర్ 31న మహారాష్ట్రలోనే ఉన్న ఉమ్రేడ్-కర్హాండ్లా అభయారణ్యంలో పిల్లలతో ఉన్న ఆడపులిని ఇలాగే చుట్టుముడితే బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ సుమోటోగా, అంటే తనంతట తానే, కేసు తీసుకుంది.

కిరణ్_కెమెరా: సుప్రీంకోర్టు 2012 జూలైలో కోర్ సఫారీలు ఆపింది, అక్టోబర్‌లో మళ్లీ అనుమతించింది. రూల్ ప్రకారం కోర్‌లో 20 శాతానికి మించి టూరిజం ఉండకూడదు. మిగతా 80 శాతం పులిదే కదా? రోజూ బండ్లు తిరిగే చోట వేటగాడు ఉచ్చు పెట్టడానికి భయపడతాడు.

వేణు_హైదరాబాద్: రాజస్థాన్ సరిస్కా రిజర్వ్‌లో టూరిస్టులు తిరుగుతూనే ఉన్నారు, 2005కల్లా ఒక్క పులీ మిగల్లేదు. మధ్యప్రదేశ్ పన్నాలోనూ 2009కల్లా అంతే. ఆ 20 శాతం ఎక్కడుందో చూడండి ముందు. నీళ్లున్న చోట, పులి ఎండాకాలం పడుకునే చోట.

కిరణ్_కెమెరా: 20 అంటే 20. చట్టం ఒప్పుకున్నదాన్ని మీరెవరు కాదనడానికి?

స్వాతి_ఎన్: తాడోబా మంగళవారం మూసేస్తారు కదా? ఆదివారం రద్దీ ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పండి.

ఆసిఫాబాద్_రైతు: మీ ఇద్దరూ శాతాల దగ్గరే ఆగిపోయారు. తాడోబా పులి ప్రాణహిత దాటి మా కాగజ్‌నగర్ వైపే వస్తది. పోయినేడు మా ఎద్దుని కొట్టింది. కళేబరం ఫోటో తీసుకొని, పంచనామా రాయించి, ఆఫీసు చుట్టూ తిరిగితే ఒకసారి ఫోటో సరిగా లేదన్నరు, ఇంకోసారి సార్ లేడన్నరు. దుక్కి సీజన్ అయిపోయినంక పైసలొచ్చినయ్, దాంతో సగం ఎద్దు కూడా రాదు.

కిరణ్_కెమెరా: మీ ఎద్దుకీ సఫారీకీ సంబంధం ఏంటండీ? టాపిక్ మార్చకండి.

ఆసిఫాబాద్_రైతు: సంబంధం లేదా? తునికాకు కోసం మా ఆడోళ్లు అడవిలోకి పోతే కేసు పెడ్తరు. నువ్వు కెమెరా పట్టుకొని జీపులో పోతే సెల్యూట్ కొడ్తరు. 2025 మేలో తెలంగాణ సర్కారు జీవో 49 ఇచ్చి మా అడవిని పులుల కోసం కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అన్నరు, ఆదివాసీలు బంద్ చేస్తే జూలైలో ఆపిండ్రు. మమ్మల్ని అడిగి ఇచ్చిండ్రా ఆ జీవో?

కిరణ్_కెమెరా: అంటే పులిని చంపేయమంటారా? 2024 జనవరిలో కాగజ్‌నగర్‌లో విషం కలిపిన పశువు మాంసం తిని పులి చచ్చిపోయింది. అది కూడా మీ ఆవేదనేనా?

ఆసిఫాబాద్_రైతు: మాటలు జాగ్రత్తగా రాయి. విషం పెట్టింది తప్పే, ఊరంతా పెట్టలేదు. ఎద్దు పోయిన రోజే పైసలు చేతికొస్తే విషం పెట్టాలన్న ఆలోచన ఎవడికొస్తది?

వేణు_హైదరాబాద్: కిరణ్ గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి.

కిరణ్_కెమెరా: తీసుకోను. మీ కోపం సఫారీ మీద కాదు, సఫారీ డబ్బులు తాడోబా ఉన్న చంద్రపూర్ జిల్లా ఊళ్లకి వస్తున్నాయి, మీకు రావట్లేదని. అక్కడ గైడ్లు, డ్రైవర్లు చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే. సఫారీ ఆపితే వాళ్లంతా రోడ్డున పడతారు.

ఆసిఫాబాద్_రైతు: అవును, అదే నేననేది! వాళ్లకు పులితోటి బువ్వ దొరుకుతది, మాకు భయం ఒక్కటే దొరుకుతది. పత్తి ఏరేటప్పుడు పొద్దెక్కినంకనే చేనుకు పోవాలె, గుంపుగా పోవాలె, చీకటి పడకముందే తిరిగి రావాలె. 2024 నవంబర్‌లో మా కాగజ్‌నగర్ మండలంలోనే పత్తి ఏరబోయిన ఆడమనిషిని పులి చంపింది. సఫారీ ఉంచుతరో ఆపుతరో మీరు తేల్చుకోండ్రి. మా పశువుకు, మా మనిషికి డబ్బు వారంలోపల చేతికి రావాలె, గేటు ఆదాయంలోంచే ఇయ్యండ్రి.

వేణు_హైదరాబాద్: గేటు ఆదాయం మహారాష్ట్రది, నష్టం తెలంగాణలో. రెండు రాష్ట్రాలనీ కూర్చోబెట్టాల్సింది కేంద్రంలోని పులుల సంరక్షణ సంస్థ ఎన్‌టీసీఏనే. కోర్ సఫారీ విషయంలో మాత్రం నా మాట మారదు.

కిరణ్_కెమెరా: నాదీ మారదు. వారంలోపల డబ్బు ఇవ్వాలన్నది ఒక్కటీ ఒప్పుకుంటాను.